లిథియం కాకపోతే ఇంకేది? జవాబు బండి ఆగే చోట ఉంది

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ కొద్ది రోజుల తేడాతో, ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ల లిథియం బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ వేసవిలో ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్లకి రాత్రిపూట ఛార్జింగ్ పెట్టాలంటేనే టెన్షన్. కేంద్రం ఏఐఎస్-156 భద్రతా నిబంధనలను ఆ ఏడాది డిసెంబరు నుంచి దశలవారీగా బిగించింది. కొన్ని కంపెనీలు మంటలకు అంత తేలిగ్గా లొంగని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వైపు మళ్లాయి. భయం కొంత తగ్గింది గానీ అప్పుడు పుట్టిన ప్రశ్న పోలేదు: కరెంటు బండికి లిథియం తప్ప గతి లేదా?

దీనికి జవాబుగా ఫోన్లో వారానికో వీడియో వస్తూనే ఉంటుంది. ఉప్పు బ్యాటరీ, గాలి కారు, అల్యూమినియం పలకలతో వందల కిలోమీటర్లు, నీళ్ల నుంచి హైడ్రోజన్. వీటిలో ఏదీ పచ్చి అబద్ధం కాదు, ప్రతిదీ ఎక్కడో ఒకచోట కాస్తో కూస్తో నడిచిందే. మరి మన వీధిలో ఎందుకు కనపడవంటే, ఆ వీడియోలు ఒక్కోటి ఒక్కో అంకెనే పట్టుకుని ఊదరగొడతాయి. దూరం, లేదా ఛార్జింగ్ నిమిషాలు, లేదా ధర. బండికి ఇవన్నీ కావాలి, కానీ అన్నీ ఒకే పాళ్లలో అక్కర్లేదు. ఏది ఎంత కావాలో తేల్చేది ఆ బండి రోజులో ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది అన్న సంగతి. అది పట్టుకుంటే ఈ ప్రయోగాల్లో చాలావాటి జాతకం ముందే తెలిసిపోతుంది.

ముందు పెట్రోల్ లెక్క చూడాలి, ఎందుకంటే అందరి పోటీ దానితోనే. కిలో పెట్రోల్‌లో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇక్కడ యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. పది లీటర్లు పోయిస్తే ఏడున్నర కిలోలు, అంటే 90 యూనిట్లు. అందులో ముప్పావు వంతు ఇంజిన్ వేడిగానే పోతుంది, చక్రానికి చేరేది 22 యూనిట్ల లోపే. మోటారు ఇంత దుబారా మనిషి కాదు, కాబట్టి అదే ప్రయాణానికి బ్యాటరీలో 25 యూనిట్లు ఉంటే సరిపోతుంది. అయినా ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్, అంటే సెల్స్ అన్నీ కలిపిన పెట్టె, కిలోకి 0.12 నుంచి 0.14 యూనిట్ల దగ్గరే ఉంటుంది గనక ఆ పాతిక యూనిట్లకి రెండొందల కిలోల బరువు మోయాలి. ఏడున్నర కిలోల చోట రెండొందల కిలోలు.

బరువు కన్నా పెద్ద తేడా నింపడంలో ఉంది. బంకులో గన్ను నుంచి నిమిషానికి 30 లీటర్లు పడుతుందనుకుంటే, కరెంటు లెక్కలో అది 16 మెగావాట్లు. ఒక చిన్నపాటి పట్టణానికి సరిపడే కరెంటు ఒక రబ్బరు గొట్టంలోంచి వెళుతోందన్నమాట. పెట్రోల్ బండి ఎక్కడ ఆగినా రెండు నిమిషాల్లో పని అయిపోతుంది కాబట్టే, బండి ఎక్కడ ఆగుతుందన్న ఆలోచన వందేళ్లుగా ఎవరికీ రాలేదు. కరెంటు బండితో ఆ ఆలోచన తప్పదు.

అన్నిటికన్నా పాత నిల్వ, 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన లెడ్ యాసిడ్ బ్యాటరీ. దీన్ని మ్యూజియం సరుకు అనుకునేవాళ్లు ఉత్తరాది ఊళ్లలో ఈ-రిక్షా సీటు ఎత్తి చూడాలి. అక్కడ 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరసగా కలిపి ఉంటాయి, నాలుగూ కలిసి వంద కిలోలు దాటతాయి. టెర్మినల్స్ మీద తెల్లగా పొడి పేరుకుని ఉంటుంది, మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. కాగితం మీద దాదాపు ఐదు యూనిట్ల నిల్వ. కానీ పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఖాళీ చేయకపోతే డ్రైవరుకి ఆ రోజు గిట్టుబాటు కాదు. చివరికి ఖాళీ చేస్తారు, ఏడాది తిరిగేసరికి మార్చుకుంటారు. పాత సీసానికి మళ్లీ డబ్బొస్తుంది కనక ఆ బేరం ఇన్నేళ్లు సాగింది. బండి రాత్రంతా ఒకేచోట ఆగి ఉంటుంది, ఎనిమిది పది గంటల ఛార్జింగ్ సమస్యే కాదు. కిలోకి 0.035 యూనిట్ల బ్యాటరీ కూడా నెగ్గుకొచ్చింది అందుకే.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఉన్న ప్రయోగం స్విట్జర్లాండ్‌లో జరిగింది. 1953లో ఇవర్డాన్ పట్టణంలో ఓర్లికాన్ కంపెనీ తయారుచేసిన జైరోబస్ తిరగడం మొదలుపెట్టింది. అందులో బ్యాటరీ లేదు. బస్సు నడుమ నేలకు సమాంతరంగా టన్నున్నర బరువున్న ఉక్కు చక్రం, నిమిషానికి మూడు వేల చుట్లు. గాలి రాపిడి తగ్గాలని ఆ చక్రాన్ని తక్కువ పీడనంతో హైడ్రోజన్ నింపిన గదిలో పెట్టారు. స్టాపులో బస్సు ఆగగానే కప్పు మీద నుంచి మూడు కడ్డీలు లేచి స్తంభానికి తగులుతాయి, కరెంటు అంది చక్రం మళ్లీ వేగం పుంజుకుంటుంది. తర్వాత అదే చక్రం జనరేటర్‌ని తిప్పితే, ఆ కరెంటుతో బస్సు నడుస్తుంది. ఇలా ఒక దఫాకి ఆరు కిలోమీటర్ల దాకా వెళ్లగలిగేది.

టన్నున్నర చక్రంలో నిల్వ ఉన్నది ఆరేడు యూనిట్లే. చక్రం వేగం సగానికి పడేలోపు మళ్లీ తిప్పాలి కాబట్టి అందులోనూ కొంతే చేతికొస్తుంది. ఇంత తక్కువ నిల్వతో బస్సు నడిచిందంటే కారణం ఒక్కటే, బస్సు ఎలాగూ ప్రతి స్టాపులో ఆగుతుంది. బెల్జియం కాంగోలోని లియోపోల్డ్‌విల్, అంటే ఇప్పటి కిన్షాసాలోనూ, బెల్జియంలోని ఘెంట్‌లోనూ వీటిని నడిపారు. కాంగోలో బేరింగులు దెబ్బతిన్నాయి, తేమకు మోటార్లు మొరాయించాయి. 1960కల్లా మూడు చోట్లా కథ ముగిసింది. డీజిల్ చవగ్గా దొరికే ఆ రోజుల్లో ఇంత తంటా ఎవరు పడతారు?

అదే ఆలోచన అర్ధ శతాబ్దం తర్వాత షాంఘైలో వేరే రూపంలో వచ్చింది. 2006లో అక్కడి 11వ నంబరు రూటులో సూపర్ కెపాసిటర్ బస్సులు దిగాయి. కెపాసిటర్‌లో రసాయన చర్య ఉండదు, ఛార్జి ఉపరితలం మీద పేరుకుంటుంది, అంతే. అందువల్ల కొద్ది నిమిషాల్లోనే నిండుతుంది, లక్షల సార్లు నింపి ఖాళీ చేసినా పెద్దగా అరగదు. ఇబ్బంది ఏమిటంటే కిలోకి 0.005, 0.006 యూనిట్లే పట్టేవి. మన ఈ-రిక్షా లెడ్ బ్యాటరీలో ఆరో వంతు. స్టాపులో జనం ఎక్కి దిగేలోపు పైనున్న తీగ నుంచి నింపుకుని ఐదారు కిలోమీటర్లలోపు వెళ్లడం, మళ్లీ నింపుకోవడం. ఏసీ వేస్తే ఆ దూరమూ తగ్గేది. మన ఊళ్లలో ఇలాంటి బస్సు ట్రాఫిక్ జామ్‌లో అరగంట ఇరుక్కుంటే పరిస్థితి ఏమిటన్నది ఊహకే వదిలేయొచ్చు. కెపాసిటర్‌కి సరైన చోటు బ్రేకు దగ్గర ఉంది. బండి ఆగేటప్పుడు పుట్టే శక్తిని ఠక్కున మింగి, కదిలేటప్పుడు అంతే వేగంగా కక్కుతుంది. 2012లో మాజ్డా కార్లలో పెట్టింది బ్రేకు శక్తిని అలా పట్టుకుని లైట్లు, ఏసీ లాంటివాటికి ఇవ్వడానికే. బ్యాటరీకి తోడుగా ఉండాల్సినదాన్ని బ్యాటరీకి బదులుగా చూపించడం వల్లే దానిమీద లేనిపోని ఆశలు.

గాలి కారు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. 2007లో టాటా మోటార్స్ ఫ్రాన్సుకి చెందిన ఎండీఐ సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు పత్రికలన్నీ రాశాయి. 300 లీటర్ల ట్యాంకులో 300 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు మూడొందల రెట్లతో గాలిని కుక్కితే, ఏ నష్టమూ లేదనుకున్నా దక్కేది 14 యూనిట్లు. వదిలిన గాలి వ్యాకోచించి గడ్డకట్టేంత చల్లబడుతుంది, దాంతో అందులో చాలా భాగం చేతికి రాదు. ఆ కారు మన షోరూములకు రాలేదు.

అల్యూమినియం-గాలి బ్యాటరీ మాత్రం తీసిపారేసేది కాదు. అల్యూమినియం పలక గాలిలోని ఆక్సిజన్‌తో, క్షార ద్రావణం సాయంతో కలిసినప్పుడు కరెంటు పుడుతుంది. సిద్ధాంతం ప్రకారం కిలో లోహం నుంచి 8 యూనిట్లు రావాలి, ఆచరణలో అందులో సగం దాకా వస్తుంది. లిథియంతో పోల్చే ప్రశ్నే లేదు. ఇజ్రాయెల్ కంపెనీ ఫినర్జీ ఇలాంటి కారును 2014లో మాంట్రియల్‌లో నడిపి చూపింది, 2021లో ఇండియన్ ఆయిల్ దానితో కలిసి ఉమ్మడి సంస్థ పెట్టింది. మన దేశంలో లిథియం లేదు గానీ బాక్సైట్ ఉంది కదా అన్నది ఇందులోని ఆశ.

అసలు తిరకాసు అక్కడే. ఈ బ్యాటరీని ప్లగ్గు పెట్టి ఛార్జి చేయలేం. పలక కరిగి హైడ్రాక్సైడ్ ముద్ద అవుతుంది, దాన్ని తీసి కొత్త పలక పెట్టాలి. ఆ ముద్దను మళ్లీ లోహంగా మార్చాలంటే స్మెల్టర్‌కి పంపాలి, అక్కడ కిలో అల్యూమినియానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు అవుతుంది. పదిహేను పెట్టి నాలుగు తీసుకునే వ్యాపారం. అందుకని దీన్ని నిల్వ అనడం కన్నా ఇంధనం అనడమే నిజాయితీ. బాక్సైట్ ఉన్నంత మాత్రాన చవగ్గా వస్తుందనీ కాదు, విశాఖ మన్యంలో తవ్వకాల మాటెత్తినప్పుడల్లా గిరిజనులు ఎంత గట్టిగా ఎదిరించారో అందరికీ తెలుసు. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే వాడే అదనపు దూరానికో, కరెంటు పోతే టెలికాం టవర్‌ని నడపడానికో అయితే ఈ లెక్క కుదురుతుంది. రోజూ ఆఫీసుకెళ్లే బండికి కుదరదు.

హైడ్రోజన్‌ది ఇదే జబ్బు, కాస్త మర్యాదగా. కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్లున్నాయి, పెట్రోల్‌కి రెండున్నర రెట్లకు పైనే. నీటిని విడగొట్టి ఆ కిలో తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు పడతాయి. 700 బార్లకు కుక్కడానికి మరికొన్ని. బండిలోని ఫ్యూయల్ సెల్ దాన్ని కరెంటుగా మార్చేటప్పుడు సగం దాకా పోతుంది. మొత్తం మీద వంద యూనిట్లు పెడితే చక్రానికి ముప్పై చేరితే గొప్ప. అదే వందను నేరుగా బ్యాటరీలో పోస్తే డెబ్బై ఐదో ఎనభయ్యో చేరతాయి. పైగా హైడ్రోజన్ తేలికే గానీ దాని డబ్బా తేలిక కాదు. 2014లో వచ్చిన మొదటి టయోటా మిరాయిలో 5 కిలోల హైడ్రోజన్‌ని మోసే ట్యాంకులు దాదాపు 90 కిలోలు. కార్ల విషయంలో మార్కెట్ తీర్పు ఇచ్చేసినట్టే. కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ కార్ల కోసం పెట్టిన హైడ్రోజన్ బంకులను 2024లో మూసేసింది.

అయితే ఆగడమే నష్టమయ్యే బండ్లు కొన్ని ఉన్నాయి. రోజుకు ఐదారొందల కిలోమీటర్లు తిరిగే లారీకి టన్నుల కొద్దీ బ్యాటరీ పెడితే అంత సరుకు తగ్గించుకోవాలి, గంటల తరబడి ఛార్జింగ్‌లో నిలబడితే కిరాయి పోతుంది. టాటా మోటార్స్ 2025 మార్చిలో 16 హైడ్రోజన్ లారీలతో ప్రయోగం మొదలుపెట్టింది ఇందుకే. వాటిలో కొన్ని ఫ్యూయల్ సెల్‌వి, కొన్ని హైడ్రోజన్‌ని నేరుగా ఇంజిన్‌లో మండించేవి. మన దగ్గర అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినప్పుడు, ఇక విశాఖ ఆటోలు కూడా హైడ్రోజన్‌తోనే అన్నంత హడావుడి కనిపించింది. అక్కడ తీసే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం మిథనాల్, యూరియా లాంటివిగా మారి ఓడలెక్కాలన్నదే ప్రణాళిక. ఎరువుల ఫ్యాక్టరీకి హైడ్రోజన్ అవసరం ఎలాగూ ఉంది, వేరే దారీ లేదు. అంత కష్టపడి తీసినదాన్ని స్కూటర్‌లో పోయాలనుకోవడం దండగ.

ఆటోలది మరో తరహా. ఆటో ఖాళీగా నిలబడితే డ్రైవరుకి గంట గంటకీ నష్టం, అలాగని దాని బ్యాటరీ లారీ బ్యాటరీ అంత పెద్దదీ కాదు. పది పన్నెండు కిలోల పెట్టెలుగా విడగొడితే చేత్తో తీసి చేత్తో పెట్టొచ్చు. బ్యాటరీ మార్పిడి కేంద్రాలు నిలదొక్కుకుంటున్నది ఇలాంటి బండ్లతోనే. హైదరాబాద్‌కి చెందిన రేస్ఎనర్జీ, హెచ్‌పీసీఎల్ బంకుల్లో పెట్టినవి ఈ కోవలోనివే. కార్ల కోసం ఇదే పని చేయబోయిన ఇజ్రాయెల్ సంస్థ బెటర్ ప్లేస్ 2013లో దివాలా తీసింది. కారు బ్యాటరీ వందల కిలోలు, అడుగు నుంచి రోబో ఊడదీయాలి, కంపెనీకో సైజు. పైగా సొంత కారు రోజులో ఇరవై గంటలకు పైగా నిలబడే ఉంటుంది. అలాంటి బండికి బ్యాటరీ మార్చే తొందర ఏముంది?

సాలిడ్ స్టేట్ బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పుకోవాల్సిన పని లేదు. అది లిథియానికి ప్రత్యామ్నాయం కాదు, లిథియంలోనే ద్రవం బదులు ఘన పదార్థం పెట్టే ప్రయత్నం. టయోటా 2027, 2028 అంటోంది. వస్తే ముందు ఖరీదైన కార్లకే వస్తుంది.

ఇక మిగిలింది సోడియం, వీడియోల్లో చెప్పే ఉప్పు బ్యాటరీ. ఇప్పుడు లిథియానికి నిజమైన పోటీ దీనిదే. పోటీ ఎక్కడన్నది మాత్రం వీడియోల్లో చెప్పేది వేరు. సోడియం పరమాణువు లిథియం కన్నా మూడు రెట్ల పైచిలుకు బరువు, సైజులోనూ పెద్దది. లిథియం దూరే గ్రాఫైట్ పొరల్లో సోడియం సరిగా ఇమడదు. అందుకని గ్రాఫైట్ బదులు హార్డ్ కార్బన్ అనే గజిబిజి నిర్మాణం ఉన్న బొగ్గు వాడతారు. లిథియం సెల్‌లో వాడే రాగి రేకు అక్కర్లేదు, రెండు వైపులా అల్యూమినియం రేకుతో సరిపోతుంది. పూర్తిగా సున్నా వోల్టుకి ఖాళీ చేసి లారీలో ఎక్కించొచ్చు, లిథియం సెల్‌ని అలా చేస్తే పాడవుతుంది. రవాణాలో మంటల భయం తగ్గడానికి ఇది చిన్న విషయం కాదు. చైనా దిగ్గజం సీఏటీఎల్ 2021లో కిలోకి 0.16 యూనిట్ల సోడియం సెల్ చూపింది, 2025లో 0.175 అంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌తో దాదాపు సమానం. చలికి తట్టుకుంటుందన్నది వాళ్ల ప్రచారంలో పెద్ద మాట. రెంటచింతల ఎండలో బండి నడిపేవాడికి దానితో ఒరిగేది ఏమీ లేదు.

సోడియం జాతకం లిథియం ధర చేతిలో ఉంది. 2022 చివర్లో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ 80 వేల డాలర్ల దగ్గరికి ఎగబాకింది. అప్పుడు ఉప్పు నుంచి వచ్చే సోడియం అందరికీ ముద్దొచ్చింది. రిలయన్స్ బ్రిటన్‌లోని ఫారడియాన్‌ని పది కోట్ల పౌండ్ల విలువకట్టి కొన్నది ఆ ఏడాది మొదట్లోనే. 2024 నాటికి అదే కార్బొనేట్ పది వేల డాలర్ల స్థాయికి జారిపోయింది. లిథియం ప్యాక్ సగటు ధర యూనిట్‌కి 115 డాలర్లకు దిగొచ్చింది. సోడియం చవక అన్న మాటకి ఆధారం పోయింది. అమెరికాలో నాట్రాన్ అనే సోడియం కంపెనీ 2025లో మూతపడింది. లిథియం ఖరీదైనప్పుడల్లా పుట్టే ప్రత్యామ్నాయాలకు ఇది మామూలు గండమే. అవి పెద్దయ్యేలోపు లిథియం చవకైపోతుంది.

అయినా మన దేశానికి లెక్క వేరుగా ఉంది. 2023 ఫిబ్రవరిలో జమ్మూలోని రియాసిలో 59 లక్షల టన్నుల లిథియం దొరికిందని పండగ చేసుకున్నాం. అది ఖనిజపు అంచనా తప్ప చేతికొచ్చిన లోహం కాదు, వేలం పెడితే తగినంత మంది ముందుకే రాలేదు. 2025లో చైనా ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్ (సెల్‌లో పాజిటివ్ వైపు ఉండే పదార్థం) తయారీ పరిజ్ఞానం ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ లాంటి చోట్ల ఆ పరిజ్ఞానం సొంతంగా తయారైంది గానీ, ఫ్యాక్టరీ స్థాయికి చేరడం ఇంకో మెట్టు. ధర కొంచెం ఎక్కువైనా సరే, ఒకే దేశం దయ మీద ఆధారపడకుండా ఉండడానికి సోడియం చేతిలో ఉంచుకోవడం తెలివైన పనే. 2023 డిసెంబరులో పుణెలో కేపీఐటీ కంపెనీ తన సోడియం పరిజ్ఞానాన్ని ప్రకటించినప్పుడు ఈ వాదనే ముందుకొచ్చింది.

దాని మొదటి చోటు కారు కాదు. చైనాలో జేఏసీ 2024లో సోడియం చిన్నకారును అమ్మడం మొదలుపెట్టినా, అంతకన్నా అర్థవంతమైన అడుగు 2025లో యాడియా వేసింది, సోడియం స్కూటర్లతో. సోడియం ఓడించాల్సింది లెడ్ యాసిడ్‌ని, అంటే సీటు కింద ఉన్న ఆ నాలుగు బరువైన డబ్బాల్ని. అక్కడ కిలోకి నాలుగు రెట్ల నిల్వ, ఎన్నో రెట్ల ఆయుష్షు. డిస్టిల్డ్ వాటర్ గొడవ ఉండదు, రాత్రంతా ఆగే బండి కనక ఛార్జింగ్ తొందరా లేదు. ఒక చిక్కుంది. సోడియం సెల్ నిండినప్పుడు 4 వోల్టుల దగ్గర, ఖాళీ అయ్యేసరికి ఒకటిన్నర దగ్గర ఉంటుంది. ఇంత తేడాని మోటారుకి కరెంటు అందించే ఇప్పుడున్న కంట్రోలర్లు తట్టుకోలేవు, సగం ఛార్జి ఖర్చయ్యేసరికే బండి నీరసపడుతుంది. పాత డబ్బా తీసి కొత్త డబ్బా పెట్టేస్తే కుదరదు, కంట్రోలరూ ఛార్జరూ మార్చాల్సిందే. ఈ-రిక్షా కొనేవాడు వాయిదాల మీద కొంటాడు కాబట్టి ఆ అదనపు ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది పెద్ద బేరం.

తయారీ వైపు ఇబ్బంది తక్కువ. సోడియం సెల్స్‌ని చాలావరకు లిథియం సెల్స్ చేసే మెషీన్ల మీదే చేయొచ్చు. తిరుపతి దగ్గర లెడ్ యాసిడ్‌తో ఎదిగిన అమరరాజా ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 9,500 కోట్ల పెట్టుబడి అంచనాతో లిథియం సెల్ ఫ్యాక్టరీ కడుతోంది. రేపు గాలి మళ్లితే అలాంటి ఫ్యాక్టరీలు మొత్తంగా వృథా కావు. కొరత వచ్చేది హార్డ్ కార్బన్ దగ్గర. దాన్ని కొబ్బరి చిప్పల నుంచి కూడా చేస్తారు. దక్షిణాదిలో కొబ్బరి చిప్ప బొగ్గుకి కొనేవాళ్లు ఇప్పటికే ఉన్నారు, నీళ్లు శుద్ధిచేసే ఫిల్టర్లకి. బ్యాటరీకి పనికిరావాలంటే మాత్రం ఆ బొగ్గులోని పొటాషియం, ఇతర మలినాలు కడిగి, గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చాలి. ఆ ఖర్చు వల్లే హార్డ్ కార్బన్ ఇంకా గ్రాఫైట్ కన్నా ఖరీదుగా ఉంది, ఉప్పు ఎంత చవకైనా సరే.